జీర్ణకోశ వైద్యంలో గురుశిష్య పరంపర

కృష్ణా డెల్టాలోని కూచిపూడి పేరు వినగానే ఎవరికైనను నాట్యం స్ఫురించుట సహజం. ఆ గ్రామంలో నాట్యవిద్య తరతరాలుగా తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు సంక్రమించుచు వచ్చినది. నాట్యశాస్త్రమును ఆమూలాగ్రంగా చదివినంతమాత్రమున ఎవ్వరును సత్యభామ వేషం కట్టజాలరు. గురువు ఎదుట నిలిచి, ఆయన అడుగు చూచి అడుగు వేసి, తప్పినచోట దిద్దించుకొని, మరల మరల వేసినగాని ఆ విద్య పట్టుపడదు. శాస్త్రం పుస్తకంలో ఉండవచ్చును గాని విద్య మనిషిలో ఉండును.

వైద్యమును గూర్చిన ప్రసంగంలో నాట్యప్రస్తావన ఏల యని శ్రోతలకు సందేహం కలుగవచ్చును. ఆధునిక వైద్యంలోని ఒక శాఖ ఇంచుమించు ఇదే రీతిని, చేతినుండి చేతికి అందుచు వచ్చినది. అది జీర్ణకోశ వైద్యం. అన్నవాహిక మొదలుకొని పెద్దప్రేగు చివరవరకు గల మార్గమును, దానికి అనుబంధంగా ఉన్న కాలేయం, పిత్తాశయం, క్లోమం అను అవయవాలను కనిపెట్టి చూచు వైద్యమది. ఆ విద్యను నేర్పు పద్ధతికి ఆంగ్లదేశాలలో ఫెలోషిప్ అని పేరు. ఫెలో అనగా తోటివాడు, సహచరుడు. మన పెద్దలు ఇంతకంటె చక్కని మాట ఏనాడో వాడినారు: అంతేవాసి, అనగా గురువు చెంతనే నివసించువాడు.

ఈ అంతేవాసిత్వం ఎంతకాలమో ముందు తెలిసికొందము. మన దేశంలో ఎం.బి.బి.ఎస్. చదువు, హౌస్‌సర్జనుగా పనిచేయు ఏడాదితో కలిసి, అయిదున్నర సంవత్సరాలు. ఆపైన సామాన్య వైద్యంలో ఎం.డి. పట్టమునకు మూడేండ్లు. ఆపైన జీర్ణకోశ వైద్యంలో డి.ఎం. పట్టమునకు మరి మూడేండ్లు. అటుపిమ్మట క్లిష్టమైన ఎండోస్కోపు చికిత్సలోనో, కాలేయ వ్యాధులలోనో ప్రత్యేక ప్రావీణ్యం కోరువారు ఇంకొక ఏడాదో, రెండేండ్లో ఫెలోగా పనిచేయుదురు. అమెరికాలో వైద్యపట్టం పొందిన పిదప సామాన్య వైద్యంలో మూడేండ్లు, జీర్ణకోశ వైద్యంలో ఫెలోగా మూడేండ్లు. ఇంటర్మీడియట్ ముగించి వైద్యకళాశాల మెట్టెక్కిన కుర్రవాడు తనంత తానుగా ఒక రోగి పిత్తనాళంలోని రాయిని తీయునప్పటికి ముప్పదేండ్ల వయస్సు దాటుటలో ఆశ్చర్యం లేదు.

ఇంతకాలం దేనికి? ఈ ప్రశ్నకు మన ప్రాచీనులు సమాధానం చెప్పియే ఉన్నారు. సుశ్రుతసంహితలో యోగ్యాసూత్రీయము అను ఒక అధ్యాయం కలదు. శాస్త్రమంతయు చదివినను చేతితో అభ్యాసం చేయనివాడు చికిత్సకు అర్హుడు కాడని దాని సారాంశం. గుమ్మడికాయ, సొరకాయ, దోసకాయలపై కోతను అభ్యసింపవలెననియు, వెండ్రుకలు గల తోలుపై గీకుటను అభ్యసింపవలెననియు అందు విధించినారు. ఈనాడు పెద్ద ఆసుపత్రులలో శిష్యులు మొదట రోగిని తాకక, బొమ్మ దేహాలపైనను, కంప్యూటరు తెరపై కనబడు కృత్రిమమైన ప్రేగులలోనను గొట్టమును నడుపుట నేర్చుకొనుచున్నారు. సాధనాలు మారినవి, సుశ్రుతుడు చెప్పిన నియమం మారలేదు.

పాశ్చాత్య దేశాలలో ఈ విద్య పుట్టిన తీరు ఆసక్తికరమైనది. 1868లో జర్మనీలోని ఫ్రైబర్గ్ నగరంలో కుస్‌మౌల్ అను వైద్యుడు, కత్తులు మ్రింగు గారడీవానిని పిలిపించి, అతని గొంతులోనికి తిన్నని లోహపు గొట్టమును దింపి కడుపులోనికి చూడ యత్నించినాడు. గొట్టం దిగినది గాని తగిన వెలుతురు లేక కడుపులో ఏమియు సరిగా కనబడలేదు. 1932లో రుడాల్ఫ్ షిండ్లర్ అను జర్మను వైద్యుడు, వుల్ఫ్ అను పరికర నిర్మాత సాయంతో, కొంతవరకు వంగు గొట్టమును తయారు చేయించినాడు. నాజీల పీడనకు గురియై, స్వదేశమును విడిచి, 1934లో ఆయన చికాగో నగరం చేరినాడు. ఆయన పరీక్ష చేయునప్పుడు రోగి తలను కదలకుండ పట్టుకొన్నది ఆయన భార్య. అమెరికాలో కడుపులోనికి చూచు విద్య వ్యాపించుటకు ప్రధాన కారకులు ఆయనయు, ఆయన ప్రక్కన నిలిచి నేర్చిన శిష్యులునే. 1941లో ఆయన ప్రారంభించిన చిన్న సంఘమే నేడు ఆ దేశంలోని ఎండోస్కోపీ వైద్యుల మహాసంఘంగా పెరిగినది.

అయినను షిండ్లర్ గొట్టం పూర్తిగా వంగునది కాదు. ఆ లోపమును తీర్చిన ఉపాయంలో ఒక భారతీయునికి పాలు కలదు. పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, లండనులో తన గురువు హాప్‌కిన్స్‌తో కలిసి, వెండ్రుకలవంటి గాజుపోగుల కట్టగుండా బొమ్మను వంపు త్రిప్పి పంపవచ్చునని 1954లో ప్రకటించినాడు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో జీర్ణకోశ వైద్యంలో శిక్షణకు చేరిన యువకుడు బేసిల్ హిర్షోవిట్జ్ ఆ వ్యాసం చదివి, లండను వెళ్ళి ఆ పోగులను కన్నులార చూచి వచ్చినాడు. సహచరులతో కలిసి కొత్త గొట్టమును నిర్మించి, 1957లో మొట్టమొదట తానే దానిని మ్రింగి చూచి, పిమ్మటనే రోగులకు వాడినాడు. నేడు ఏ పట్టణంలో ఎండోస్కోపీ జరిగినను దానికి మూలం ఆ సాహసమే.

ఈ శాఖలో శిష్యులే శాస్త్రమును త్రిప్పివేసిన ఉదాహరణ మరియొకటి కలదు. 1981లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్ అను యువవైద్యుడు శిక్షణలో భాగంగా జీర్ణకోశ విభాగమునకు వచ్చినాడు. అచ్చట వారెన్ అను పెద్ద, రోగుల కడుపులోని పొరపై వంకర సూక్ష్మజీవులు కనబడుచున్నవని చెప్పుచుండగా వినువారు తక్కువ. మార్షల్ విన్నాడు. 1982లో ఈస్టరు సెలవులవలన ప్రయోగశాలలో పళ్ళెములు మామూలుకంటె ఎక్కువ రోజులు ఉండిపోగా, వానిలో ఆ జీవులు పెరిగి కనబడినవి. కడుపులో పుండుకు మనోవ్యాకులత, కారపు తిండి మాత్రమే కారణమని లోకం నమ్ముచున్న కాలమది. మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులను తానే త్రాగి, జబ్బుపడి, తన వాదమును ఋజువు చేసికొన్నాడు. 2005లో వారిరువురకు నోబెల్ బహుమతి వచ్చినది. ఆవకాయను ఆనాటినుండి నిర్దోషిగా విడిచిపెట్టినారని అనుటకు వీలు లేదు గాని, నేరం మోపబడినంత పెద్దది కాదని తేలినది.

ఇక మన తెలుగువారి కథకు వత్తము. ఈ కథకు ఆది పురుషుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895లో భీమవరంలో జన్మించినారు. ఆయన సోదరులిద్దరు గ్రహణి రోగమునకు లోనై ఎనిమిది దినాల వ్యవధిలో మరణించినారు. తిన్న ఆహారం ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి క్షీణించిపోవు ఆ వ్యాధి సుబ్బారావుగారిని సైతం పట్టినది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచేత ఆయన కోలుకొన్నారు. ఖద్దరు ధరించినందున మద్రాసు వైద్యకళాశాలలో ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టంతో తృప్తిపడవలసి వచ్చినది. మామగారు సమకూర్చిన ధనంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ తోడ్పాటుతోను సముద్రం దాటి, ఆయన బోస్టను నగరం చేరినారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధులలో డిప్లొమా చదువుచు, జరుగుబాటుకై రాత్రివేళ ఆసుపత్రిలో సేవకుని పని చేసినారు.

తరువాతి చరిత్ర లోకవిదితం. కండరాలలోని శక్తినిలువల రహస్యమును ఆచార్య ఫిస్కేతో కలిసి ఆయన వెల్లడించినారు. 1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరి, ఆయన నడిపించిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమంగా తయారు చేయగలిగినది. ఆ మందును గ్రహణి రోగులకు ఇచ్చి చూడగా వారు కోలుకొన్నారు. సోదరులను బలిగొన్న వ్యాధికి ఔషధం ఆ విధంగా ఆయన ప్రయోగశాలనుండియే వచ్చినది. అయితే ఆయన మాతృదేశమునకు మరల రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కు నగరంలో పరమపదించినారు. గురువును వెదకుకొనుచు భూగోళపు ఆవలివైపునకు పోవలసివచ్చిన తరమది. పోయినవాడు తిరిగి రావలెనన్న, వచ్చి పనిచేయుటకు ఇచ్చట చోటు ఉండవలెను గదా!

ఆ చోటు ఏర్పడుటకు మరి కొన్ని దశాబ్దాలు పట్టినది. విశాఖపట్టణంలో 1923లో వైద్యకళాశాల నెలకొన్నది. గుంటూరులో 1946లో, కాకినాడలో 1958లో కళాశాలలు వచ్చినవి. కర్నూలు, తిరుపతి, విజయవాడలకును ఆ భాగ్యం అబ్బినది. కాని ఇవి తొలినాళ్ళలో సామాన్య వైద్యులను తయారు చేసినవి. ప్రత్యేక శాఖలకు దూరం పోవలసియే ఉండెను. 1960లో భారత జీర్ణకోశ వైద్యుల సంఘం ఏర్పడినది. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ, 1962లో స్థాపితమైన చండీగఢ్ సంస్థ, ఈ శాఖలో డి.ఎం. శిక్షణకు దేశంలో ప్రధాన గురుకులాలైనవి. చండీగఢ్‌లో ఆచార్య ఛుట్టానీ, ఢిల్లీలో ఆచార్య టాండన్ ఈ శాఖకు పేరు తెచ్చిన పెద్దలు. దక్షిణాదిని మద్రాసు వైద్యకళాశాల తెలుగు విద్యార్థులకు చిరకాలంగా పుట్టినింటివంటిది. అచ్చటను ఈ శాఖ స్థిరపడినది.

ఇంతలో మరియొక ద్వారం తెరచుకొన్నది. 1965లో అమెరికా ప్రభుత్వం వలస చట్టమును మార్చి, జాతి భేదమును సడలించినది. గుంటూరు, విశాఖ, కాకినాడ కళాశాలలలో చదివిన యువకులు వరుసలు కట్టి ఆ దేశం వెళ్ళినారు. వారిలో జీర్ణకోశ వైద్యంలో ఫెలోలుగా చేరి, అచ్చటనే స్థిరపడి, పెద్ద పేరు సంపాదించినవారు కలరు. సొంత ఊరిని, చదివిన కళాశాలను మరువక ధనసహాయం చేసినవారును కలరు. గుంటూరు పెద్దాసుపత్రిలో పూర్వవిద్యార్థుల విరాళాలు భవనాలుగా లేచినవి. వారిని తప్పుపట్టుట సులభం, న్యాయం కాదు. కాని చేతి విద్యకు ఒక స్వభావం కలదు: చేయి ఎక్కడ ఉండునో విద్యయు అక్కడనే ఉండును. డబ్బును మనీఆర్డరులో పంపవచ్చును గాని, చేతిని పంపుట సాధ్యం కాదు.

ఈ పరిస్థితిని మార్చినవారిలో డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు ముఖ్యులు. ఆయన 1956లో విశాఖపట్టణంలో జన్మించినారు. కర్నూలులో ఎం.బి.బి.ఎస్., మద్రాసులో ఎం.డి., చండీగఢ్‌లో డి.ఎం. ఆయన చదువు ప్రయాణమును పటంలో గీసి చూచినచో ఆ తరం తెలుగు వైద్యుడు గురువుకొరకు ఎంతదూరం నడచెనో కనబడును. తరువాత హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో పనిచేసి, 1994లో ఆ నగరంలోనే ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ అను సంస్థను స్థాపించినారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆయనను వరించినవి. వీనికంటె మన విషయమునకు ముఖ్యమైన సంగతి ఇది: పూర్వం మనవారు ఏ విద్యకొరకు విదేశాలకు పోయిరో, ఆ విద్యకొరకు ఇతర దేశాల యువవైద్యులు హైదరాబాదు వచ్చి అంతేవాసులుగా ఉండుట ఆరంభమైనది. నిజాం సంస్థలోను, ఉస్మానియా కళాశాలలోను, విశాఖ కళాశాలలోను ఈ శాఖలో డి.ఎం. శిక్షణ నెలకొన్నది.

ఈ శిక్షణలో శిష్యుడు నేర్చునది ఏమి? మొదటి మాసాలలో అతడు గొట్టం పట్టడు. పట్టినవాని ప్రక్కన నిలుచును. పిదప అన్నవాహికగుండా కడుపులోనికి, అటనుండి చిన్నప్రేగు మొదటి భాగంలోనికి పోవుట నేర్చును. పెద్దప్రేగు ఇంతకంటె కష్టం. అది వంపులు తిరిగి, త్రోసినకొలది ముడుచుకొనును. అన్నింటికంటె కఠినమైనది పిత్తనాళంలోనికి చొచ్చుట. 1968లో మొదలైన ఈ విద్యలో, చిన్నప్రేగు గోడపై గల చిరు ద్వారమును గొట్టం చివరినుండి గురిచూచి, సన్నని తీగను పంపవలెను. గురి తప్పినచో క్లోమం వాచి రోగికి ప్రాణాపాయం కలుగవచ్చును. అందువలననే అమెరికా వైద్యసంఘాలు శిష్యుని సామర్థ్యమును నిర్ణయించుటకు ముందు అతడు కనీసం ఇన్ని పరీక్షలు చేసియుండవలెనని లెక్క కట్టినవి: కడుపు పరీక్షలు 130, పిత్తనాళ పరీక్షలు 200. పెద్దప్రేగు పరీక్షలు 140 చాలునని మొదట తలచి, అవి చాలవని గ్రహించి 275కు పెంచినవి. ఈ అంకెలు అర్హతాపత్రాలు కావు; ఇంతకు తక్కువైనచో శిష్యుని తూచి చూచుటయే తొందరపాటు అని వాని భావం.

అంకెలకు అందని పాఠం ఒకటి కలదు. ఏ రోగికి గొట్టం వేయరాదో, ఎప్పుడు ఆపి వెనుకకు రావలెనో, ఎప్పుడు పెద్దలను పిలువవలెనో తెలిసికొనుట. కడుపునొప్పి యని వచ్చిన ముసలమ్మ చేయి పట్టుకొని, "ఏమి తిన్నావమ్మా, ఎన్నాళ్ళనుండి?" అని నెమ్మదిగా అడుగుట. ఇది గురువును చూచియే నేర్వవలెను. నట్టువాంగం చేయు గురువు చేతిలోని తాళం ఎక్కడ ఆగునో శిష్యుడు గమనించునట్లు, వైద్యశిష్యుడు గురువు చేయి ఎక్కడ ఆగునో గమనింపవలెను.

ఇదంతయు మన డెల్టా గ్రామాలలోని కుటుంబాలకు ఏల కావలెను? ఒక్క సందర్భం ఊహించిన చాలును. అర్ధరాత్రి ఒక యింటి యజమాని రక్తం కక్కుకొన్నాడు. లేదా రెండు రోజులనుండి తారువలె నల్లని విరేచనం అగుచున్నది. కీళ్ళనొప్పులకు ఇష్టం వచ్చినట్లు మ్రింగిన బిళ్ళలు కడుపులో పుండు చేసినవి. ఇట్టి రోగికి ముందు రక్తం, సెలైను ఎక్కించి నిలబెట్టి, ఇరువది నాలుగు గంటలలోపల ఎండోస్కోపుతో చూచి, రక్తం కారుచున్నచోటును కట్టివేయవలెనని శాస్త్రం చెప్పుచున్నది. అన్నవాహికలో ఉబ్బిన నరం పగిలినదైనచో అంత వ్యవధి సైతం ఉండదు. కూచిపూడినుండి పామర్రు, పామర్రునుండి విజయవాడ అని కారులో పోవుచున్న ఆ కుటుంబమునకు, గమ్యంలో ఆ రాత్రి శిక్షితమైన చేయి ఒకటి మేలుకొని ఉన్నదా లేదా అనునదే ఏకైక ప్రశ్న.

2014లో రాష్ట్రం రెండుగా విడివడినప్పుడు పెద్ద శిక్షణాలయాలు అధికభాగం హైదరాబాదునందే నిలిచిపోయినవి. పిమ్మట 2018లో విజయవాడకు చేరువలోని మంగళగిరియందు అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ ప్రారంభమైనది. 2023లో మచిలీపట్టణంలో ప్రభుత్వ వైద్యకళాశాల తెరచినారు. కూచిపూడిలోనే ప్రవాసాంధ్రుల సిలికానాంధ్ర సంస్థ సంజీవని అను ఆసుపత్రిని నిర్మించినది. ఇవి శుభసూచకాలు. కాని గోడలు కట్టుట ఒక ఎత్తు, ఆ గోడలనడుమ గురువును నిలుపుట మరియొక ఎత్తు. శిష్యుడు ఎక్కడ శిక్షణ పొందునో, తరచు ఆ నగరంలోనే ఇల్లు కట్టుకొనును. గురువు, పరికరాలు, తోడుగా నిలుచు నర్సులు, పిల్లల చదువులు, అన్నియు అక్కడనే. అతనిని పల్లెకు రమ్మని ఉపన్యాసం చేసి లాభం లేదు. శిక్షణనే అతని ఊరికి దగ్గరగా తీసికొనిరావలెను. శిక్షణాకాలంలో కొన్ని మాసాలు జిల్లా ఆసుపత్రిలో గడపునట్లు, అచ్చట ఎండోస్కోపు పరికరమును నడుపు సిబ్బంది నిత్యం ఉండునట్లు ఏర్పాటు కావలెను.

ఇందుకు కూచిపూడి చరిత్రయే ఒక సాక్ష్యం. ఆ గ్రామంలో జన్మించిన వెంపటి చినసత్యంగారు మద్రాసు వెళ్ళి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పినారు. ఆయన శిష్యులద్వారా ఆ నాట్యం ఖండాంతరాలు దాటినది. కాని ఊరు గురువులు లేని ఊరు కాలేదు. సిద్ధేంద్రుని పేర వెలసిన కళాక్షేత్రంలో పాఠం సాగుచు వచ్చినది. పోయినవారు పోయినను, నేర్పువారు ఊరిలో మిగిలినందుననే అది సాధ్యమైనది.

బోస్టనులో మొదలైన దారి చండీగఢ్ మీదుగా హైదరాబాదు చేరుటకు డెబ్బదేండ్లు పట్టినది. హైదరాబాదునుండి పామర్రు చేరుటకు అంతకాలం పట్టకూడదు. అచ్చట ఎదురుచూచుచున్న రోగికి ఉన్న వ్యవధి ఇరువది నాలుగు గంటలే.